చలిలో ఛాయాగ్రహణం - చేతుల సంరక్షణ

ఛాయాగ్రహణం కంటికి సంబంధించిన కళ అని సాధారణంగా భావిస్తారు. దృశ్యాన్ని ఎన్నుకొనేది కన్నే అయినా, దానిని చిత్రంగా నిలిపేవి చేతివ్రేళ్లు. కటకాన్ని సరిచూడడం, వెలుతురుకు తగిన ప్రమాణాన్ని అమర్చడం, సరియైన క్షణాన మీట నొక్కడం - ఇవన్నీ వ్రేళ్ల సున్నితమైన కదలికపై ఆధారపడిన పనులు. చలి మొట్టమొదట హరించేది ఈ సున్నితత్వాన్నే. వ్రేళ్ల చర్మపు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెంటిగ్రేడు కంటె తగ్గినప్పుడు వాటి చురుకుదనం మందగిస్తుంది. 8 డిగ్రీల ప్రాంతానికి దిగితే స్పర్శజ్ఞానం చాలవరకు నశిస్తుంది. స్పర్శ కోల్పోయిన వ్రేలు మంచి చిత్రం తీయలేదు సరికదా, తనకు కలుగుతున్న హానిని కూడా మనకు తెలుపజాలదు. అసలు ప్రమాదం ఇక్కడనే ఉన్నది.

మనది ఉష్ణప్రాంతమే. అయినప్పటికీ విశాఖ మన్యంలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున ఉష్ణోగ్రత కొన్ని సంవత్సరాలలో 0 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఆదిలాబాదు ప్రాంతంలో శీతకాలపు రాత్రులు 10 డిగ్రీల కంటె చల్లబడడం కద్దు. ఇక విహారయాత్రలకు కాశ్మీరు, లడఖ్ వెళ్లే విద్యార్థులలో కెమెరా గాని, కెమెరా గల ఫోను గాని చేత లేనివారు అరుదు. కావున ఈ విషయాన్ని శాస్త్రీయంగా తెలిసికొనడం అవసరం.

చేతులు ముందుగా చల్లబడడానికి కారణం

మన శరీరాంతర్భాగపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. గుండె, మెదడు మొదలైన ముఖ్యావయవాలకు ఈ వేడిని కాపాడడం శరీరధర్మం. చలి సోకగానే చేతులలోను, పాదాలలోను ఉన్న సన్నని రక్తనాళాలు సంకోచించి, వెచ్చని రక్తాన్ని లోపలి భాగాలకే నిలుపుతాయి. వ్రేళ్లను కదిలించే కండరాలు అరచేతిలోను, ముంజేతిలోను ఉంటాయి గాని వ్రేళ్లలో ఉండవు. అందువలన వ్రేళ్లు తమంత తాము ఉత్పత్తి చేసుకొనే వేడి అత్యల్పం. పైగా వాటి పరిమాణం చిన్నది, గాలికి తగిలే వైశాల్యం పెద్దది. అనగా రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ.

దీనినిబట్టి ఒక ముఖ్యసూత్రం ఏర్పడుతున్నది. చేతిలోని వెచ్చదనం మొండెం నుండి రక్తం ద్వారా వచ్చినదే. పలుచని చొక్కాపై ఎంత ఖరీదైన చేతితొడుగులు ధరించినా ఫలితం స్వల్పం. ఛాతీ, మెడ, తల, మణికట్టు వెచ్చగా ఉన్నప్పుడే వ్రేళ్లకు రక్తం ధారాళంగా అందుతుంది.

కాశ్మీరీ ప్రజలు ఈ సూత్రాన్ని అనుభవం ద్వారా ఏనాడో గ్రహించారు. డిసెంబరు 21 మొదలుకొని 40 రోజులపాటు సాగే 'చిల్లై కలాన్' అనే తీవ్ర శీతకాలంలో వారు 'ఫెరన్' అనే వదులైన పొడవాటి ఉన్ని అంగీని ధరించి, దాని లోపల 'కాంగ్డీ'ని ఉంచుకొంటారు. అల్లిన బుట్టలో అమర్చిన చిన్న మట్టి కుంపటియే కాంగ్డీ. చేతులను అంగీలోపలికి ముడుచుకొంటే మొండెమూ, చేతులూ ఏకకాలంలో వెచ్చబడతాయి. అయితే దీనిలో కీడు లేకపోలేదు. ఏళ్ల తరబడి నిప్పుసెగ ఒకేచోట తగలడం వలన చర్మానికి క్యాన్సరు సోకడాన్ని అక్కడి వైద్యులు గుర్తించారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం.

లోహం, గాలి, తడి

చేతి వేడిని అపహరించే శత్రువులు మూడు. మొదటిది లోహం. అల్యూమినియం చెక్క కంటె వెయ్యి రెట్లకు పైగా ఉష్ణవాహకం. అందుచేతనే ఒకే చలిలో ఉన్న చెక్క కంటె లోహం మనకు ఎంతో చల్లగా తోస్తుంది. 1910లో బయలుదేరిన కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రలో ఛాయాగ్రాహకుడైన హెర్బర్ట్ పాంటింగ్ అనుభవం ఇందుకు నిదర్శనం. దృశ్యాన్ని సరిచూస్తూ పెదవులు తడుపుకొంటున్నప్పుడు ఆయన నాలుక కెమెరా లోహభాగానికి తగిలి తక్షణమే గడ్డకట్టి అతుక్కొన్నది. బలవంతంగా లాగుకొనగా నాలుక చివరి చర్మం కెమెరాపైననే నిలిచిపోయింది. నిపుణుడైన పాంటింగ్‌కే ఇట్లా జరిగినదంటే సామాన్యుల మాట చెప్పనక్కరలేదు. కావున కెమెరా లోహభాగాలకు, ముక్కాలి స్టాండు కాళ్లకు గుడ్డ గాని, స్పాంజి గాని చుట్టడం మంచిది.

రెండవది గాలి. చర్మాన్ని ఆనుకొని ఉండే పలుచని వెచ్చని గాలిపొరను ఈదురుగాలి తుడిచివేస్తుంది. ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, తెరచియున్న చర్మానికి అది దాదాపు మైనస్ 20 డిగ్రీల చలితో సమానం. గాలికి వీపు ఒడ్డి నిలబడడం, బండచాటున స్థానం ఎన్నుకొనడం ఖర్చులేని రక్షణలు.

మూడవది తడి. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. చేతులలోకి నోటితో ఆవిరి ఊదుకొనడం మనకు అలవాటు. దానివలన క్షణకాలం హాయి కలిగినా, ఆ తేమ తొడుగులో చేరి తరువాత మరింత చల్లబరుస్తుంది.

తొడుగులు - వేడి పొట్లాలు

ఐదు వ్రేళ్లకు ఐదు అరలున్న తొడుగు కంటె, నాలుగు వ్రేళ్లు కలిసి ఒకే అరలో ఉండే తొడుగు వెచ్చనిది. వ్రేళ్లు ఒకదాని వేడిని మరొకటి పంచుకొనడమే ఇందుకు కారణం. కాని దానితో మీటలు నొక్కడం కష్టం. అందువలన లోపల పలుచని ఉన్ని లేక పట్టు తొడుగు, దానిపై వదులైన మందపాటి తొడుగు ధరించడం ఉత్తమం. చిత్రం తీసే వేళ పైతొడుగు మాత్రమే తొలగించవలెను. అది గాలికి కొట్టుకొని పోకుండా త్రాటితో మెడకు గాని, మణికట్టుకు గాని కట్టుకొనవలెను. బిగుతైన తొడుగు రక్తప్రసారాన్ని అడ్డగిస్తుంది.

అంగడిలో దొరికే వేడి పొట్లాలలో ఇనుపపొడి, ఉప్పు, బొగ్గుపొడి మొదలైనవి ఉంటాయి. పొట్లం విప్పగానే గాలిలోని ఆమ్లజని సోకి ఇనుము త్రుప్పు పట్టుతుంది. ఆ రసాయన చర్యలో వెలువడే వేడి కొన్ని గంటలు నిలుస్తుంది. దీనిని చర్మానికి నేరుగా తాకించరాదు. తొడుగుల మధ్య మణికట్టు లోపలివైపున ఉంచితే, అక్కడి నాళాలలో ప్రవహించే రక్తం వెచ్చబడి వ్రేళ్లకు చేరుతుంది.

పని నేర్పు

చేయి బయట ఉండే కాలాన్ని తగ్గించడమే అన్నిటికంటె గొప్ప ఉపాయం. కెమెరా అమరికలను గదిలోనే పూర్తిచేసికొని బయలుదేరవలెను. బ్యాటరీల శక్తి చలిలో త్వరగా క్షీణిస్తుంది గనుక వాటిని లోపలి జేబులో ఉంచవలెను. చూపు నిలిపి, దృశ్యాన్ని నిర్ణయించుకొన్న తరువాతనే చేయి వెలికి తీయవలెను. మధ్య మధ్య చేతులను చక్రాకారంగా త్రిప్పితే రక్తం వ్రేళ్ల చివరలకు పరుగెత్తుతుంది. చంకలలో దాచుకొన్నా వెచ్చబడతాయి. పొగత్రాగితే రక్తనాళాలు మరింత ముడుచుకొంటాయి. మద్యం వెచ్చదనపు భ్రమ కలిగించి, లోపలి వేడిని పోగొడుతుంది. తిరిగి గదిలోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచితే లోపల తేమ పట్టదు.

ఎప్పుడు విరమించవలెను?

నొప్పి చలి చేసే హెచ్చరిక. నొప్పి మాయమై, వ్రేలు మొద్దుబారి, తెల్లగా గాని, మైనంవలె గాని కనిపిస్తే అది చలి తగ్గిన గుర్తు కాదు, కణజాలం గడ్డకట్టుతున్న గుర్తు. వెంటనే పని మాని వెచ్చని చోటికి చేరవలెను. ఆ భాగాన్ని రుద్దరాదు, మంచుతో తోమరాదు, మంటవద్ద కాచరాదు. స్పర్శ లేనందున కాలినా తెలియదు. మరల గడ్డకట్టే అవకాశం లేనప్పుడు 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ముంచి, వైద్యుని సంప్రదించవలెను.

మంచుకొండపై సూర్యోదయం రేపు మరల వస్తుంది. పోయిన వ్రేలు మరల రాదు. విద్యార్థి మిత్రులు యాత్రకు బయలుదేరేముందు కెమెరాతోపాటు ఒక జత తొడుగులనూ, ఒక మందపాటి స్వెట్టరునూ సంచిలో సర్దుకొనవలెనని, తోటివారి వ్రేళ్లను కూడా అప్పుడప్పుడు పరిశీలించవలెనని మనవి.