లెన్సుకు అందని లంక

కొత్తపేట

అమ్మలూ,

అమలాపురంలో విలేకరిగా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గోదారికి వరదొచ్చే రోజులు. నీ ఫోను నిండా ఫొటోలూ వీడియోలూ వచ్చిపడతాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫొటో రాగానే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతుకు. వీడియో అయితే ఇన్‌విడ్‌తో ఫ్రేములుగా విడదీసి ఒక్కోటీ చూడు. 2022 జులై వరద ఫొటోను నిన్నటిదని పంపితే చాలావరకు అక్కడే పట్టుబడుతుంది. ఈ పనికి బద్ధకించకు.

అయితే, ఏమీ దొరకలేదు కాబట్టి నిజమే అనుకోకు. నెట్‌లోకి ఎక్కని ఫొటో లెన్సుకు అందదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది దానికి కనపడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకి ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలూ మిగలవు. ఏఐ బొమ్మల్ని పట్టే సాధనాలు చూపే శాతాలు అంచనాలే. వాటిని మాత్రమే నమ్మి వార్త రాయకు.

వరద మట్టం అంకె సరైనదే అయినా అర్థం తప్పిపోవచ్చు. మొదటి ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగులకి, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి. భద్రాచలం లెక్కకు అలవాటుపడ్డవాళ్లకి ధవళేశ్వరంలో 14 అడుగులంటే చిన్నగా కనిపిస్తుంది. నిజానికి అది 13.75 దగ్గరిచ్చే రెండో హెచ్చరికను దాటేసిన మట్టం. గోదారి లంకల్లో వాళ్లు సామాన్లు సర్దుకోవాలా వద్దా అన్నది ఆ తేడా మీదే ఉంటుంది. ఇది ఫొటో వెతికే సాధనం చెప్పేది కాదు, నీకు తెలిసుండాలి.

2022 మే 24 గుర్తుందిగా. జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగి, మంత్రి విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. నెట్ ఆగితే నీ సాధనాలన్నీ ఆగిపోతాయి. పుకారు మాత్రం నోటిమాటగా నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి ఇప్పట్నుంచే మనుషుల్ని సంపాదించుకో. పడవ నడిపేవాళ్లు, వీఆర్వోలు, ఆశా కార్యకర్తలు, కాలవ లాకుల దగ్గర పనిచేసేవాళ్లు, వీళ్ల నంబర్లు పుస్తకంలో కూడా రాసిపెట్టుకో. ఎవరు ఏం చెప్పినా "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడుగు. కులాల మధ్య గొడవైతే రెండు పేటల వాళ్లనీ అడగాలి. మనకు తెలిసినవాళ్లంతా ఒక పేటలోనే ఉంటే మనకు సగమే తెలిసినట్టు.

అప్పటికీ తేలకపోతే తేలలేదనే డెస్కుకి చెప్పు. పక్క పేపర్లో ముందొచ్చిందని ఎవరైనా అంటే ఆ మాట పడు. తప్పుడు వార్త చూసి ఇల్లు వదిలి పరుగెత్తినవాళ్లకి, ధైర్యంగా ఉండిపోయి నీళ్లలో చిక్కుకున్నవాళ్లకి మర్నాడు వేసే సవరణ ఎందుకూ అక్కరకు రాదు.

ఆశీస్సులతో,
మీ మావయ్య