తక్కువ ధరలో ఆసిలోస్కోపు: ఎంపిక ఎలా?

డబ్లిన్ నగరంలో లిఫీ నది సముద్రాన్ని చేరే చోట, డాక్‌ల్యాండ్స్‌కు తూర్పు అంచున, పిజన్ హౌస్ విద్యుత్ కేంద్రపు పాత కట్టడం ఉంది. 1903లో అక్కడ ఆరంభమైన విద్యుదుత్పత్తి 1976 వరకు సాగింది. నేడు సమీపంలోని గ్రాండ్ కెనాల్ డాక్ చుట్టూ సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలిశాయి. ఆ వృత్తిలో ఉన్న ఇళ్ళలో పిల్లలకు ప్రోగ్రాములు రాయడం పరిచయమే; తీగలోని విద్యుత్ సంకేతం ఏ రూపంలో ఉంటుందో కంటితో చూసినవారు మాత్రం అరుదు. ఆ రూపాన్ని తెరపై గీసి చూపే పరికరమే ఆసిలోస్కోపు, అనగా డోలనదర్శిని.

1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన కాథోడ్ కిరణ నాళం దీనికి మూలం. ఆ కిరణాలు ఎలక్ట్రానుల ప్రవాహమే. ఎలక్ట్రాను అన్న పేరును 1891లో ప్రతిపాదించినవాడు ఐర్లండుకు చెందిన జార్జి జాన్‌స్టన్ స్టోనీ కావడం ఇక్కడి తెలుగు పిల్లలకు చెప్పదగిన విశేషం. నేటి పరికరాలు నాళాన్ని వదలి, సంకేతాన్ని అంకెలుగా మార్చి తెరపై చూపుతున్నాయి.

ఇంటిలో చిన్న ప్రయోగశాల పెట్టుకొనేవారికీ, తాము చదివిన కళాశాలకు కానుక పంపదలచినవారికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పరిమిత ధనంతో దేనిని కొనాలి? తొందరపడి కొన్న పరికరం బీరువాలో మిగిలిపోతుంది. అంతకన్న ప్రమాదం, అది తప్పుడు చిత్రాన్ని చూపితే విద్యార్థి దానినే నిజమని నమ్ముతాడు.

మొదట చూడవలసినది పౌనఃపున్య పరిమితి, అనగా బ్యాండ్‌విడ్త్. 50 మెగాహెర్ట్జుల ఆసిలోస్కోపు అంటే ఆ పౌనఃపున్యం వరకు అంతా సరిగా చూపుతుందని అర్థం కాదు. ఆ హద్దు వద్ద తరంగం ఎత్తు దాదాపు 70 శాతానికి తగ్గుతుంది. 5 వోల్టులు 3.5 వోల్టులుగా కనిపిస్తాయి. చదరపు తరంగంలో మూలపౌనఃపున్యంతో పాటు దానికి మూడు, ఐదు, ఏడు రెట్లుండే అంశాలూ ఇమిడి ఉంటాయి. కనుక చూడదలచిన సంకేతానికి ఐదు రెట్ల పరిమితి ఉండడం మేలు. 16 మెగాహెర్ట్జుల గడియార సంకేతానికి 80 అవసరం. అందుచేత 100 మెగాహెర్ట్జుల పరికరం తగినది. ధ్వని సంకేతాలకూ, విద్యుత్ సరఫరా పాఠాలకూ 50 చాలు.

రెండవది సేకరణ వేగం. సెకనుకు ఎన్నిసార్లు సంకేతాన్ని కొలుస్తుందో ఇది తెలుపుతుంది. వేగం చాలకపోతే, సినిమాలో బండి చక్రం వెనక్కు తిరిగినట్లు కనిపించే విధంగా, లేని తరంగం తెరపై ప్రత్యక్షమవుతుంది. పౌనఃపున్య పరిమితికి నాలుగైదు రెట్ల వేగం క్షేమం.

మూడవది జ్ఞాపకశక్తి. ప్రకటనలలో వేగం పెద్ద అక్షరాలలో ఉంటుంది గాని దీనిని చాలామంది గమనించరు. 50 హెర్ట్జుల విద్యుత్తులో ఒక ఆవర్తనానికి 20 మిల్లీసెకనులు పడుతుంది. పరికరం 10 వేల బిందువులనే దాచగలిగితే, ఆ కాలమంతటినీ చూపడానికి 2 మైక్రోసెకనులకు ఒకసారి మాత్రమే కొలవగలదు. ఆ మధ్యలో వచ్చిపోయిన ఒక మైక్రోసెకను ఉలికిపాటు దానికి చిక్కకపోవచ్చు. 10 లక్షల బిందువులు దాచగలిగితే 20 నానోసెకనులకు ఒకసారి కొలుస్తుంది.

నాలుగవది సూక్ష్మత. 8 బిట్ల పరికరం తెర ఎత్తును 256 మెట్లుగా, 12 బిట్లది 4096 మెట్లుగా విభజిస్తుంది. 2014లో రైగోల్ సంస్థ నాలుగు మార్గాల 8 బిట్ల డిఎస్1054జడ్ నమూనాను సుమారు 400 డాలర్లకు తెచ్చి, చిన్న ప్రయోగశాలలకు దారి చూపింది. 2023లో అదే సంస్థ విడుదల చేసిన డిహెచ్‌ఓ800 శ్రేణితో 12 బిట్లు కూడా సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి.

పాత నాళపు పరికరం చౌకగా దొరికితే తరంగాల పాఠానికి అదీ పనికివస్తుంది. ఒక్కసారే వచ్చిపోయే సంకేతాన్ని మాత్రం సాధారణ నమూనాలు నిలిపి చూపలేవు. లోపల వేల వోల్టులుంటాయి గనుక దాని పెట్టెను తెరవరాదు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట కొన్నా, డబ్లిన్‌లో కొన్నా, తెరపై తరంగాన్ని చూసిన తరువాతనే డబ్బు చెల్లించాలి. ఐర్లండులోనూ, భారతదేశంలోనూ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జులే. ఇక్కడ కొన్నదానిని అక్కడికి పంపితే ప్లగ్గు తీగ మార్చుకుంటే సరిపోతుంది.

ధర కన్న ప్రాణం ముఖ్యం. గోడకు అమర్చే సాధారణ ఆసిలోస్కోపులో ప్రోబు గ్రౌండు క్లిప్పు ఎర్తుతో కలిసి ఉంటుంది. దానిని ఇంటి కరెంటు తీగకు తగిలిస్తే హ్రస్వవలయం ఏర్పడుతుంది. దీనిని తప్పించుకోవడానికి కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగిస్తారు; అప్పుడు పరికరపు లోహభాగాలకే 230 వోల్టులు చేరవచ్చు. ఈ పని ఎన్నడూ చేయరాదు. విద్యార్థులు 9 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఎడాప్టరు నుండి వచ్చే తరంగాన్ని చూస్తే చాలు. ఆకారం, ఆవర్తన కాలం అవే.

పరికరం ఇంటికి రాగానే చేయవలసిన మొదటి ప్రయోగం దాని ముఖంపైనే ఉంటుంది. అక్కడి చిన్న కొక్కెం నుండి సాధారణంగా 1 కిలోహెర్ట్జు చదరపు తరంగం వస్తుంది. ప్రోబును 10 రెట్ల స్థానంలో ఉంచి దానికి తగిలించి, మూలలు గుండ్రంగానో, మొనదేలియో కనిపిస్తే ప్రోబులోని మరను మెల్లగా తిప్పాలి. మూలలు సమంగా నిలిచినప్పుడు ఆ పిల్లవాడు కొలిచే సాధనాన్ని నమ్మే ముందు దానినే పరీక్షించడం నేర్చుకుంటాడు. ప్రయోగశాలలో మొదటి పాఠం అదే.