పలమనేరు నేలలు

చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమలోని పలమనేరు ప్రాంతంలో ఎర్రనేలలే అధికం. గ్రానైటు, నైస్ శిలలు యుగాల తరబడి శిథిలమై ఈ మట్టి ఏర్పడింది. ఇందలి ఇనుప ఆక్సైడే ఎరుపు రంగునకు కారణం.

మట్టిని తడిపి అరచేతిలో నలిపి చూడండి. ముద్దకట్టక రాలిపోతే ఇసుక నేల. ముద్దయి, సాగదీస్తే విరిగితే గరప నేల. తీగవలె సాగితే బంకనేల.

గుట్టల వాలులలోని గరుసు నేలలో వాననీరు నిలువదు. చెరువు అడుగున మాత్రం మెత్తని ఒండ్రు పేరుకొంటుంది. వేసవిలో రైతులు ఆ పూడికమట్టిని చేలకు తోలుకొంటే నేలకు తేమను నిలుపుకొనే శక్తి, చెరువునకు లోతు రెండూ సమకూరుతాయి. పలమనేరు కుమ్మరుల మృణ్మయ కళకు ఆధారమూ బంకమన్నే. కనుక చెరువును కాపాడుకోవడమంటే చేనునూ, కుమ్మరి సారెనూ కాపాడుకోవడమే.