లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

అక్కా,

మాది మైపాడు దగ్గర పల్లె. మావారు నాలుగెకరాలు లీజుకు తీసుకుని రొయ్యల సాగు చేస్తున్నారు. తెల్లమచ్చ తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. నా గాజులు కూడా తాకట్టులో ఉన్నాయి. మళ్లీ వనామి పిల్ల వేద్దామంటున్నారాయన. మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించాను. కళ్లు మూసుకుని బైబిలు తెరిస్తే ఒకరోజు ధైర్యం చెప్పే వాక్యం, మర్నాడు హెచ్చరించే వాక్యం. ప్రవచనాలు చెప్పే ఒకాయన కానుక తీసుకుని, దేవుడు వేయమంటున్నాడన్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు. నాకు వినిపించేది దేవుడి స్వరమో, నా భయమో తెలియడం లేదు. ఇంటర్ చదివే మా పెద్దమ్మాయి చెరువు లెక్కలు రాస్తుంది. ఈసారి వద్దమ్మా అంటోంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు?

– ఓ సోదరి, నెల్లూరు తీరం

చెల్లెమ్మా,

మీ ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు. చదవగానే నాకు కోపమొచ్చింది. మేత ఖర్చు, కరెంటు బిల్లు, అప్పు మీద వడ్డీ అన్నీ రాసే అమ్మాయికి ఏమీ తెలియదా? కానుక పుచ్చుకున్నాయనకు అన్నీ తెలుసా?

చెరువు ఎండగట్టడం, పీసీఆర్ పరీక్ష చేసిన పిల్లనే కొనడం మీవారికి తెలిసినవే. తెల్లమచ్చకు మందు లేదనీ తెలుసు. నిద్ర సంగతి డాక్టరుకు చెప్పండి. కళ్లు మూసుకుని వాక్యం తీయడం మానేసి, కళ్లు తెరిచి అధ్యాయమంతా చదవండి.

నయమాను కథ మీకు కొత్త కాదు. కుష్ఠుతో కుమిలే ఆ సేనాధిపతికి మొదట దారి చూపింది చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల. ఆమె మాటను ఆయన భార్య కొట్టిపారేసి ఉంటే ఆయన ఆ రోగంతోనే పోయేవాడు. ఇక లెక్కల సంగతి. మీ తీరం వెంబడే బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆ తవ్వకంలో కొంత కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. ఆయనా ప్రార్థనాపరుడే. కూలి లెక్కలు చూసుకుంటే విశ్వాసం తగ్గుతుందని ఆయన అనుకోలేదు.

మన ఇళ్లలో ఇదొక పాత రోగం. ఆడపిల్ల చేత లెక్కలు రాయిస్తాం, ఆమె మాట మాత్రం లెక్కలోకి రాదు. అదే మాట కొడుకు అంటే, చదువుకున్నవాడు ఆలోచించి చెప్పాడంటాం. మీరు ఉపవాసముండి అడిగిన జవాబును మీ అమ్మాయి మీ ఇంట్లోనే, మీరు పెట్టిన అన్నం తింటూ, మీకు వినపడేలాగే చెబుతోంది. దాన్ని మీ భయం పుట్టించలేదు, అంకెలు చెప్పాయి.

ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ముగ్గురూ కూర్చుని ప్రార్థించండి. ఆ లెక్కల పుస్తకం అమ్మాయి చేతే మొదటినుంచి చదివించండి. పూర్తయ్యేదాకా మీరిద్దరూ మధ్యలో మాట్లాడకండి. అప్పటిదాకా హేచరీకి ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.