ఒక్కో చీటీ, ఒక్కో మాట: ఒక మహా నిఘంటువు కథ



“అర్థం తెలియకపోతే డిక్షనరీ చూడు” అని పిల్లలకు రోజూ చెబుతాం. ఆ డిక్షనరీ ఎలా పుట్టిందో మాత్రం చెప్పం. 2019లో వచ్చిన ‘ద ప్రొఫెసర్ అండ్ ద మ్యాడ్‌మ్యాన్’ సినిమా ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ తయారైన కథ. ఇందులో సంపాదకుడు జేమ్స్ మర్రేగా మెల్ గిబ్సన్, డాక్టర్ విలియం మైనర్‌గా షాన్ పెన్ నటించారు.

అసలు కథ

మర్రే స్కాట్లండ్‌లో ఒక దర్జీ కొడుకు. 14 ఏళ్లకే బడి చదువు ఆగిపోయింది. సొంతంగా ఎన్నో భాషలు నేర్చుకుని టీచరయ్యారు. 1879లో డిక్షనరీ బాధ్యత తీసుకున్నారు. పదేళ్లలో పూర్తవుతుందనుకున్నారు. అయిదేళ్ల తర్వాత, 1884లో మొదటి భాగం వచ్చేసరికి ‘ఏ’ అక్షరంలో ‘యాంట్’ వరకే చేరారు! మొత్తం పని ముగిసింది 1928లో. అప్పటికి మర్రే చనిపోయి 13 ఏళ్లు.

ఎందుకింత ఆలస్యం? ప్రతి మాటనూ ఏ కాలంలో ఎవరు ఎలా వాడారో పాత పుస్తకాల వాక్యాలతో చూపాలన్నది వారి నియమం. అందుకే పుస్తకాలు చదివి, వాక్యాలను చీటీల మీద రాసి పంపమని మర్రే జనాన్ని కోరారు. లక్షల చీటీలు వచ్చాయి. ఇనుప రేకుల షెడ్డులో వెయ్యికి పైగా గూళ్లు కట్టి వాటిని సర్దారు. మర్రే పిల్లలు కూడా ఆ చీటీలను అక్షర క్రమంలో పేర్చేవారు.

అలా చీటీలు పంపినవారిలో మైనర్ ఒకరు. ఆయన అమెరికా సైన్యంలో వైద్యుడు. మతిస్థిమితం తప్పి 1872లో లండన్‌లో ఒక అమాయకుణ్ణి కాల్చి చంపారు. బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో బందీగా ఉంటూనే ఏళ్ల తరబడి వాక్యాలు పంపారు. తోచినవి పంపకుండా, ఇప్పుడు ఏ మాట మీద పని జరుగుతోందో అడిగి దానికి కావలసినవే పంపేవారు.

ఇంత జాగ్రత్తలోనూ పొరపాటు జరిగింది. బానిస స్త్రీ అనే అర్థమున్న ‘బాండ్‌మెయిడ్’ చీటీలు ఎక్కడో కలిసిపోయి, ఆ మాట అచ్చులోకి ఎక్కలేదు. 1933 అనుబంధంలో చేర్చారు. పెద్దవాళ్లూ తప్పు చేస్తారు, దిద్దుకుంటారు. మార్కులు తగ్గిన రోజున పిల్లలకు ఈ మాట చెప్పండి.

మన తెలుగుకూ ఇలాంటి శ్రమజీవి ఉన్నారు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో వెలువడింది.

ఇంట్లో చేయండి

1. పాత షూ పెట్టె ఒకటి, చిన్న చీటీలు కొన్ని తీసుకోండి.
2. రోజుకు ఒక కొత్త మాట. చీటీ పైన మాట, కింద అది కనిపించిన వాక్యం, పుస్తకం పేరు, పేజీ నంబరు. అర్థాన్ని ముందు పిల్లలే ఊహించాలి, తర్వాతే డిక్షనరీ.
3. ఒక రోజు ఇంగ్లిష్, మరుసటి రోజు తెలుగు. తెలుగు మాటలకు అమ్మమ్మను, తాతయ్యను అడగనివ్వండి.
4. ఆదివారం చీటీలను అక్షర క్రమంలో మీరూ కూర్చుని సర్దండి.

గమనిక: సినిమాలో హింస, మానసిక వేదన దృశ్యాలున్నాయి, కొంత కల్పన కూడా ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చూపించవద్దు, కథ మీరే చెప్పండి. పెద్ద పిల్లలకైనా ముందు మీరు చూశాకే నిర్ణయించండి.