బియ్యపు మిల్లుల కలర్ సార్టర్‌లకు పరిశుభ్రమైన గాలి: కంప్రెసర్ కందెన, గొట్టాల అమరిక

బియ్యంలోని రంగు మారిన గింజలను, గాజు ముక్కలను వేరుచేసే కలర్ సార్టర్ సంపీడిత గాలిపై ఆధారపడి పనిచేస్తుంది. కెమెరా దోషాన్ని గుర్తించిన వెంటనే ఎజెక్టర్ వాల్వు క్షణకాలం తెరుచుకొని, గాలి ధారతో ఆ గింజను పక్కకు నెడుతుంది. గాలిలో నూనె, నీరు చేరితే వాల్వు మందగిస్తుంది. ఫలితంగా మంచి గింజలు తిరస్కరణలోకి, దోషపు గింజలు మంచి బియ్యంలోకి చేరుతాయి. నూనె తుంపరలు ఆహారాన్ని కలుషితం చేస్తాయి కూడా.

కందెన పాత్ర

స్క్రూ కంప్రెసర్‌లో నూనె మూడు పనులు చేస్తుంది: బేరింగులకు, రోటర్లకు కందెనగా ఉంటుంది, రోటర్ల మధ్య ఖాళీలను మూసి గాలి వెనుకకు జారకుండా ఆపుతుంది, సంపీడనంలో పుట్టిన వేడిని గ్రహిస్తుంది. తరువాత సెపరేటర్ గాలి నుండి నూనెను వేరుచేస్తుంది. ఆ నూనెను చల్లార్చి, వడగట్టి తిరిగి పంపుతారు. సెపరేటర్ మూలకం దెబ్బతింటే నూనె గాలితో పాటు గొట్టాలలోకి పోతుంది.

ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు నూనె ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. ఊక ధూళి కూలర్ రెక్కలను మూసివేసే మిల్లులలో ఇది ముఖ్యాంశం. మరీ తక్కువ ఉష్ణోగ్రత కూడా మంచిది కాదు. అప్పుడు తేమ నూనెలోనే ద్రవీభవిస్తుంది. పిస్టన్ కంప్రెసర్‌లో నూనె మాడితే డెలివరీ వాల్వుపై మసి పేరుకొని, అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు. వాహన ఇంజన్ నూనెను వాడరాదు. అది నీటితో కలిసి పాలవలె మారుతుంది. ఆహార యంత్రాలకు హెచ్1 శ్రేణి కందెన శ్రేయస్కరం.

నీరు ఎక్కడి నుండి వస్తుంది?

30 డిగ్రీల వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత గల ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. గేజిపై 7 బార్ పీడనానికి ఇటువంటి 8 ఘనమీటర్ల గాలిని దాదాపు ఒక ఘనమీటరుగా కుదించాలి. అందులో 190 గ్రాములకు పైగా నీరు ఉంటుంది. 40 డిగ్రీలకు చల్లారినప్పుడు ఆ గాలి సుమారు 50 గ్రాములనే ఆవిరిగా నిలుపుకోగలదు. మిగిలిన 140 గ్రాములు ద్రవమై రిసీవర్ ట్యాంకులోనో, గొట్టాలలోనో చేరుతాయి.

గొట్టాల అమరిక

అందువల్ల ప్రధాన గొట్టాన్ని గాలి ప్రవహించే దిశలో వందకు ఒకటి చొప్పున వాలుగా వేసి, పల్లపు చివర డ్రెయిన్ వాల్వు అమర్చాలి. శాఖా గొట్టాలను ప్రధాన గొట్టం పైభాగం నుండి తీసి వంచి దించాలి. అడుగు నుండి తీస్తే నీరు నేరుగా యంత్రానికి చేరుతుంది. కూలర్, రిసీవర్, వడపోత, డ్రయ్యర్, సూక్ష్మ వడపోత, సార్టర్ అనే క్రమాన్ని పాటించాలి. పీవీసీ గొట్టాలు పగిలితే ముక్కలై ఎగురుతాయి కనుక అవి నిషిద్ధం.

సన్నని గొట్టాల వల్ల పీడనం తగ్గితే, దానిని కంప్రెసర్ పీడనం పెంచి సరిచేయడం వ్యయభరితం. ప్రతి అదనపు బార్‌కు విద్యుత్తు సుమారు 6-7 శాతం పెరుగుతుంది. 7 బార్ వద్ద 3 మిల్లీమీటర్ల రంధ్రం నిమిషానికి అర ఘనమీటరుకు పైగా గాలిని వృథా చేస్తుంది.

ముగింపు

సార్టర్ ఫలితం క్షీణించినప్పుడు ఎజెక్టర్లను మార్చడానికి ముందు రిసీవర్ డ్రెయిన్, డ్రయ్యర్, వడపోతలు, సెపరేటర్‌లను వరుసగా పరీక్షించాలని విస్తరణ శాస్త్రవేత్తలు మిల్లర్లకు సూచించాలి. లోపం గాలిలో ఉండగా వాల్వులను మార్చితే, కొత్త వాల్వులు సైతం త్వరలోనే అదే స్థితికి చేరుతాయి.