క్లెయిమ్ కాదన్నారా? ఏ షరతు కిందో రాసివ్వమనండి

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం ఆసుపత్రుల్లో మంచాలు దొరకవు. వడ్డీకి తెచ్చి బిల్లు కట్టి, కాగితాలన్నీ పంపాక ‘క్లెయిమ్ రిజెక్టెడ్’ అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ మెసేజ్ తీర్పు కాదు. డబ్బు ఇవ్వాల్సినవాళ్లు తమ వైపు నుంచి చెప్పిన మాట మాత్రమే. దానికి జవాబు చెప్పే హక్కు మీకుంది.

కార్డు ఎవరిదో ముందు చూడండి

ఆరోగ్యశ్రీని నడిపేది ప్రభుత్వ ట్రస్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల వరకు వైద్యం ఉంది. అనుమతి రాలేదంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కారణం అడగండి. రిపోర్టు తక్కువైందంటే అది జతచేయించి మళ్లీ పంపించమనండి. కదలిక లేకపోతే 104కు ఫోన్ చేయండి. ఎటపాక, చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి కాబట్టి అక్కడివారి కార్డు ఆ రాష్ట్ర పథకానిది. భద్రాచలంలో చేరేముందే ఆ ఆసుపత్రిలో తమ కార్డు చెల్లుతుందో లేదో వాళ్లు కనుక్కోవాలి. ఈఎస్ఐ ఉన్న కార్మికులు డిస్పెన్సరీ, ఈఎస్ఐ కార్యాలయం ద్వారానే వెళ్లాలి.

ఇక్కడి నుంచి చెప్పేది ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీల గురించి. సొంతంగా కొన్నదైనా, పనిచేసే కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ అయినా దారి ఇదే.

కారణం కాగితం మీదకు రావాలి

ఫోనులో చెప్పిన కారణంతో పని జరగదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కంపెనీలోని సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు. పాలసీలోని ఏ షరతు ప్రకారం కాదన్నారో కూడా చెప్పాలి. కంపెనీకి మీరు రాసే ఉత్తరంలో మూడు వాక్యాలు చాలు: ‘నా క్లెయిమ్‌ను ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తెలపండి. ఆ నిర్ణయానికి ఆధారమైన కాగితాల నకళ్లు పంపండి. సమీక్ష కమిటీ ఆమోదించిందో లేదో తెలపండి.’

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. బిల్లు కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు.

ఏ కారణానికి ఏ కాగితం

‘అడ్మిట్ కావాల్సిన జ్వరం కాదు’ అంటే కేస్ షీటు తీసుకోండి. రోజువారీ టెంపరేచర్ చార్టు, ప్లేట్‌లెట్ లెక్కలు, ఎక్కించిన సెలైన్లు, ఇంజెక్షన్ల వివరం అందులో ఉంటాయి. ఇంట్లో ఉంచి ఎందుకు వైద్యం చేయలేకపోయారో డాక్టరు చేత రెండు ముక్కలు రాయించండి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది.

‘పది పడకలు లేవు కాబట్టి అది ఆసుపత్రి కాదు’ అన్న జవాబు చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల విషయంలో రావచ్చు. పాలసీలో ‘ఆసుపత్రి’ నిర్వచనం పూర్తిగా చదవండి. చట్టప్రకారం నమోదైన ఆసుపత్రి అయితే చాలు. నమోదు లేనప్పుడే పడకల లెక్క వంటి షరతులు చూస్తారు. ఆసుపత్రి నుంచి నమోదు పత్రం నకలు తెచ్చి జతచేయండి.

అన్నిటికన్నా చిక్కైనది ‘పాత జబ్బు దాచారు’ అన్న కారణం. అడ్మిషన్ కంగారులో ‘షుగర్ ఎన్నాళ్లుగా?’ అని డాక్టరు అడిగితే, వెంట వచ్చినవాళ్లు ‘ఐదారేళ్లు ఉంటుంది’ అని నోటికొచ్చింది చెబుతారు. అదే కేస్ షీటులో ఎక్కుతుంది, తర్వాత అదే సాక్ష్యమవుతుంది. మొదటిసారి పరీక్ష చేయించుకున్న తేదీ ఉన్న రిపోర్టు గానీ, పాత చీటీ గానీ చూపించి, డాక్టరు చేత సవరణ రాయించండి. పాలసీ ఐదేళ్లు విడవకుండా నడిచి ఉంటే, మోసం రుజువు చేస్తే తప్ప ఈ కారణంతో కాదనడానికి వీల్లేదు. జబ్బు గురించి ముందే చెప్పి, అంతా చూసుకుని పాలసీ ఇచ్చాక, కంపెనీ అదే జబ్బును సాకుగా చూపకూడదని 2021 డిసెంబరులో మన్మోహన్ నందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగానే తెలిసి దాచి ఉంటే మాత్రం ఈ పోరాటం మీద ఆశ పెట్టుకోవద్దు.

మెట్లు, గడువులు

మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల అధికారి. ఈమెయిల్ గానీ, రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపి రసీదు దాచండి. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో, లేదా 155255కు ఫోన్ చేసి కూడా నమోదు చేయవచ్చు.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి సరిహద్దుకు ఇటువాళ్లకీ అటువాళ్లకీ చోటు ఒకటే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అంబుడ్స్‌మన్ ఇచ్చే ఉత్తర్వును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. ఇదే విషయం మీద అప్పటికే కోర్టుకు వెళ్లి ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ఈ మెట్టు ముందు ఎక్కండి.

ఆ తర్వాతది వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. కట్టిన ప్రీమియం 5 లక్షలలోపైతే ఫీజు ఉండదు.

కంపెనీ మధ్యలో సగం డబ్బు ఇస్తానంటే, ‘పూర్తిగా ముట్టింది’ అన్న కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. తీసుకునేదేదో ‘మిగతా సొమ్ముపై నా అభ్యంతరం ఉంది’ అని రాసి తీసుకోండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే పై మెట్టు మీద మీ మాటకు బలం తగ్గుతుంది.